వైర్‌లెస్ వద్దన్న లూదియా

“టెస్ట్ ఇంజనీర్‌ని లారీతో గుద్దించి చంపారు. యాక్సిడెంట్ కాదు దేవరాజూ, మర్డర్.”

ఫోన్‌లో చీఫ్ రంగనాయకమ్మ. ఆవిడ హైదరాబాద్‌లో, ఏజెంట్ దేవరాజు నంద్యాల లాడ్జిలో. 2004, మే నెల. మారువేషం కోసం పెట్టిన నెరిసిన విగ్గు కింద అతని నెత్తి ఉడికిపోతోంది.

“సరిహద్దులో సైనికుల కోసం, ఆ ఇంజనీర్ పనిచేసిన నంద్యాల ఫ్యాక్టరీలో టాబ్లెట్ కంప్యూటర్ తయారవుతోంది. మ్యాపులు, కాన్వాయ్ రూట్లు అన్నీ అందులోనే. దాని మీద విదేశీ ముఠా కన్ను పడింది. వాళ్లకు సాయం చేస్తున్న లోపలి మనిషెవరో పట్టుకో. ‘పసుపు కొమ్ము తడిసింది’ అని ఎవరైనా అంటే మాత్రం, మన మనిషి.”

“పేరు చెప్పండి మేడమ్.”

“అవసరమైతే వాళ్లే చెబుతారు.”

మర్నాడు బెంగళూరు కన్సల్టెంట్ వేషంలో అతను ఫ్యాక్టరీ మీటింగ్‌లో కూర్చున్నాడు. టేబుల్ మీద టాబ్లెట్. దాని చుట్టూ వాదన.

“మెమరీ చాలడం లేదు. రెండో మ్యాప్ తెరిస్తే హ్యాంగ్ అవుతోంది,” అన్నాడు పర్చేజ్ మేనేజర్ బాలస్వామి. “ఎండలో స్క్రీన్ కనబడదు. బ్యాటరీ రెండు గంటలు. పోనీ వైర్‌లెస్ కార్డయినా పెడదామంటే ఈమె ఒప్పుకోదు. సింగపూర్ కంపెనీ ఉచితంగా ఇస్తానంటోంది సార్!”

ఆమె అంటే లూదియా. డిజైన్ ఇంజనీర్. ఆళ్లగడ్డ పిల్ల. బాబ్డ్ హెయిర్, నల్ల కళ్లద్దాలు, ఎర్ర స్కూటీ. నంద్యాలలో ఆమెను తిరిగి చూడనివాళ్లు తక్కువ.

“మెమరీ పెంచుదాం. స్క్రీన్ మారుద్దాం. వైర్‌లెస్ మాత్రం వద్దు సార్,” అంది. “సైనికుడు యాడుండాడో బయటికి చెప్పే మిషన్ మనకెందుకు? లోపల ఏముందో తెలీని కార్డు నేను పెట్టను.”

దేవరాజుకు అనుమానం వచ్చింది. మన టాబ్లెట్ పనికిరాకుండా పోవాలని ఎవరికి ఉంటుంది? శత్రువుకే కదా!

“మాట్లాడటం రాని కంప్యూటరా? దీనికంటే బడిపిల్లల పలక నయం. దానికి బ్యాటరీ కూడా అక్కర్లేదు,” అన్నాడు.

గది గదంతా నవ్వింది. లూదియా కళ్లద్దాలు పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. కన్సల్టెంట్ సంతకంతో కార్డు పాసయింది.

ఆ వారమే మహానందిలో అతని అనుమానం రూఢి అయింది. టూరిస్టులా ఫొటోలు తీసుకుంటున్న రాబర్ట్ అనే తెల్లవాడి చేతిలో లూదియా ఒక సీడీ పెట్టింది. దేవరాజు టై పిన్ కెమెరా క్లిక్‌మంది.

ఆదివారం ఆళ్లగడ్డలో ఆమె ఇంటి ముందు జీపు ఆపాడు. సెల్‌ఫోన్ లాక్కుని బేడీలు వేసి వీధిలోకి నడిపించాడు. చర్చి నుంచి వస్తున్నవాళ్లు నిలబడిపోయారు. తల్లి చెప్పుల్లేకుండా వెంట పరిగెత్తింది.

“ఎవరప్పా నువ్వు? నా బిడ్డను దొంగ మాదిరి పట్కపోతాండావ్? అదేం జేసింది?”

“దేశాన్ని అమ్మింది,” అన్నాడు దేవరాజు, అందరికీ వినబడేలా.

జీపు ఎక్కాక లూదియా మెల్లగా అంది. “పసుపు కొమ్ము తడిసింది.”

అతను గట్టిగా బ్రేక్ తొక్కాడు. వెంటనే చీఫ్‌కి ఫోన్ చేశాడు.

“లూదియా మన డబుల్ ఏజెంట్,” అంది రంగనాయకమ్మ. “వాళ్లకిచ్చింది దొంగ డిజైన్. లోపలి మనిషి బాలస్వామి అని నిన్న రాత్రే కబురు పంపింది. ఆ కార్డు గనక ఆన్ అయితే మన ప్రతి సైనికుడూ వాళ్ల తెర మీద చుక్కయిపోతాడు. కార్డుకి ఓకే చెప్పిన మహానుభావుడెవరో ఇప్పుడే ఫైల్‌లో చూశాను.”

దేవరాజు ఫోన్ పెట్టేశాడు. ఆమె బేడీలు తీశాడు. ఇంతలో అతని జేబులో లూదియా సెల్ మోగింది. రాబర్ట్! ఆమె లాక్కుని విని, పెట్టేసింది.

“ఆ కార్డులు పెట్టిన టాబ్లెట్ల లారీ కడప రోడ్డులో ధాబా కాడ ఆగింది. కార్డులు ఆన్ చేస్తాండారు. బేగా పోనీ సార్!”

దారంతా ఆమె ఒక్క మాట తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది అతనికి. ఆమె మణికట్టు మీది ఎర్రటి గీత వైపు చూడలేక రోడ్డునే చూశాడు.

ధాబా ముందు లారీ. దాని పక్కన ఇంకో జీపు బానెట్ మీద లాప్‌టాప్. దాని మీద వంగిన రాబర్ట్. పక్కన బాలస్వామి. తెర మీద కార్డులు ఆన్ అవుతున్న లెక్క, తొంభై ఐదు శాతం.

“కదలొద్దు!” దేవరాజు పిస్టల్ తీశాడు.

బాలస్వామి కూడా తీశాడు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు గురిపెట్టుకుని నిలబడ్డారు. తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది.

లూదియా పిస్టళ్ల వైపు చూడనే లేదు. టీ గ్లాసులు కడిగే బకెట్ ఎత్తి లాప్‌టాప్ మీద గుమ్మరించింది. తెర ఒక్కసారి మిణుకుమని ఆరిపోయింది. ఉలిక్కిపడి అటు తిరిగిన బాలస్వామి చేతిని దేవరాజు బుల్లెట్ తాకింది. రాబర్ట్ చేతులెత్తాడు.

సాయంత్రం దేవరాజు మళ్లీ ఆ వీధిలో దిగాడు, విగ్గు లేకుండా. గడప దగ్గర లూదియా తల్లికి చేతులు జోడించాడు.

“తప్పు నాదమ్మా. మీ అమ్మాయి ఏ తప్పూ చేయలేదు.”

“నాకెందుకు జెప్తాండావ్? నా బిడ్డ సంగతి నాకు తెల్దా? వీధిలో దాని తల దించినావు. వీధిలోనే జెప్పుపో.”

రహస్య ఏజెంట్ వీధి మధ్య నిలబడ్డాడు. ఇళ్లలోంచి జనం వచ్చారు. చెవుల దాకా వేడెక్కిన ముఖంతో, అలవాటైన గుసగుస గొంతుతో చెప్పాడు.

ఎదురింటి అరుగు మీది అవ్వ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

“ఏందప్పా? సరిగ్గా ఇనపళ్లే. గెట్టిగా చెప్పు!”