నాయన ఆవలింత

రైలు పెనుకొండ దాటింది. కిటికీ దగ్గర షాహిదా, పక్కన నాయన. గాలి కూడా సరిగ్గా తగలని ఆ చివర ఫరీన్ మూతి ముడుచుకుని కూర్చుంది.

“ఎప్పుడూ అక్కకేనా కిటికీ?”

“వచ్చేటప్పుడు నువ్వు కూర్చుందువులే,” అన్నాడు నాయన నబీసాబ్.

వచ్చేటప్పుడట! ఫరీన్‌కు ఒళ్లు మండింది.

నబీసాబ్‌కు ధర్మవరంలో బొరుగులు, అంటే మరమరాలు, వేయించే బట్టీ ఉంది. కిడ్నీలు రెండూ పాడయ్యాక వారానికి రెండుసార్లు హిందూపురం ఆస్పత్రికి పోయి డయాలసిస్ చేయించుకుంటున్నాడు. కిడ్నీలు చేయాల్సిన పని అక్కడ మిషన్ చేస్తుంది. అమ్మ బట్టీ వదిలి రాలేదు కాబట్టి తోడుగా అక్క పోతుంది. అప్పటినుంచి ఇంటికి ఎవరొచ్చినా నాయనది ఒకటే పాట: “మా షాహిదా లేకుంటే నేను లేనప్పా!”

ఆ మాట విన్నప్పుడల్లా ఫరీన్ విసవిసా లోపలికి వెళ్లిపోయేది. తనేమైనా రానందా? తీసుకుపోతే కదా!

ఈరోజు బడికి సెలవు. ఏడ్చి, అలిగి, ఎలాగో రైలెక్కింది. ఉత్త చేతులతో రాలేదండోయ్! పొద్దున్నే అమ్మ వెంటపడి తమ బట్టీ బొరుగులతోనే ఉగ్గాని చేయించి, బాక్సులో పెట్టుకుంది. ఉగ్గాని అంటే నాయనకు ప్రాణం మరి.

ఆస్పత్రిలో నాయనను మంచం మీద పడుకోబెట్టి, ఒక చేతికి గొట్టాలు తగిలించారు. మిషన్ గిర్రుమంటూ తిరగసాగింది. షాహిదా స్టూల్ లాక్కుని, నాయన మొహం చూస్తూ కూర్చుంది. ఎంతసేపటికీ అంతే. కదలదు, మెదలదు.

‘ఊరికే మొహం చూస్తూ కూర్చోవడమూ ఒక పనేనా! దీనికేనా అంత పేరు!’ అనుకుంది ఫరీన్.

కాసేపటికి షాహిదా లేచింది. “మందులు తెచ్చేదుండాది. నేనొచ్చేదాకా నాయన మొహమే చూస్తాండు. తినేదానికి ఏమీ పెట్టొద్దు. మిషన్ ఆడేటప్పుడు తినకూడదంట.”

ఫరీన్ ఒక్క ముక్క కూడా నమ్మలేదు. అన్నీ తనే పెట్టాలి, మంచి పేరంతా తనకే రావాలి, అంతేగా! అక్క అటు వెళ్లిందో లేదో, బాక్సు మూత తీసింది.

“వద్దులే బిడ్డా, మీ అక్క కోప్పడుతాది.”

“అక్క ఈడ లేదు కదా నాయనా! నీకోసమే తెచ్చినా.”

కూతురి మొహం చూసి నబీసాబ్ కాదనలేకపోయాడు. ఫరీన్ ముద్ద తర్వాత ముద్ద నోట్లో పెట్టింది. “భలే ఉండాదే!” అన్నాడు నాయన. ఫరీన్ సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

కొంతసేపటికి నాయన ఆవలించాడు. మళ్లీ ఆవలించాడు.

“నిద్రొస్తాందా నాయనా? పండుకో,” అని ఫరీన్ దుప్పటి మెడదాకా కప్పింది. అక్కయినా ఇంత బాగా చూసుకుంటుందా!

అప్పుడే షాహిదా వచ్చింది. నాయన మొహం చూడగానే చేతిలో మందులు జారిపోయాయి. “సిస్టర్! నాయన ఆవలిస్తాండాడు! చెమటలు పోస్తాండాయి!”

నర్సు నీలావతి పరుగున వచ్చింది. దుప్పటి లాగేసింది. నాయన తల కిందికి, కాళ్లు పైకి ఉండేలా మంచం వంచింది. మిషన్ సర్ది, సెలైన్ వదిలింది. నాయన పెదాలు తెల్లగా పాలిపోయాయి. పిలిస్తే పలకడం లేదు. ఫరీన్ గోడకు అతుక్కుపోయింది. నాయన ఇక లేవడేమో!

ఎంతో సేపటికి నాయన కళ్లు తెరిచాడు.

“ఎవరు పెట్టినారు ఆయనకు?” బాక్సు చూపిస్తూ అడిగింది నీలావతి.

“తప్పు నాదే సిస్టర్. బాక్సు ఈడ పెట్టి పోయినా,” అంది షాహిదా.

ఫరీన్ ఒక్కసారిగా భోరుమంది. “అక్క కాదు! నేనే పెట్టినా!”

నీలావతి గొంతు తగ్గించింది. “చూడు పాపా. మిషన్ ఒంట్లో ఎక్కువైన నీళ్లను లాగుతాంటాది. అప్పుడే కడుపు నిండా తింటే, నెత్తురు కడుపు దిక్కు పోతాది. బీపీ పడిపోతాది. పడేముందు కొందరికి ఆవలింతలొస్తాయి. అందుకే మీ అక్క ఆయన మొహం మీదినుంచి కన్ను తీయదు.”

ఫరీన్ అక్క వైపు చూసింది. షాహిదా కళ్ల కింద నల్లటి చారలు. అవి ఇన్నాళ్లూ తనకెందుకు కనబడలేదో!

సాయంత్రం రైలెక్కగానే నాయన పిలిచాడు. “దా ఫరీనూ. ఈ కిటికీ నీదే.”

“అక్కను కూర్చోనీ నాయనా.” బ్యాగులోంచి బిస్కెట్లు తీసింది ఫరీన్. నాయన చేయి చాచినా ఇవ్వలేదు. “ఇప్పుడు పెట్టొచ్చునా అక్కా?”

“ఇప్పుడు పెట్టొచ్చు. రెండు చాలు,” అంది షాహిదా. అని, కిటికీకి తల ఆనించిందో లేదో నిద్రపోయింది.

ఫరీన్ వెళ్లి నాయనకు ఎదురుగా కూర్చుంది. కొంతసేపటికి నాయన నోరు పెద్దగా తెరిచి ఆవలించాడు.

“అక్కా! లెయ్యి! నాయన ఆవలిస్తాండాడు!”

బోగీలో అందరూ ఇటు తిరిగారు. షాహిదా ఉలిక్కిపడి లేచి, నాయన నుదురు తాకి చూసింది. చెమట లేదు. ఫక్కున నవ్వేసింది.

“ఉత్త నిద్రేనే తల్లీ!” అంటూ నబీసాబ్ కూడా నవ్వాడు.

“అయితే మీరిద్దరూ పండుకోండి. నేను చూస్తాంటా,” అంది ఫరీన్.

కిటికీ బయట పెనుకొండ కొండ వచ్చింది, పోయింది. ఫరీన్ దాన్ని చూడనే లేదు.