పద్దెనిమిదో సీమంతం

ఆదివారం పొద్దున పది గంటలకు, ఒంగోలు గర్భశాలలో, నూట నలభై మూడో పేటిక పిడికి శేషారత్నం గాజులు తొడుగుతోంది. ఎర్రవి ఆరు, పచ్చవి ఆరు. పిడి సన్నం కాబట్టి ఏటా లాగే అవి చివరికి జారిపోయాయి. మనవరాలికి ఇది పద్దెనిమిదో సీమంతం.

అద్దం వెనక ఏడో నెల పసిగుడ్డు బొటనవేలు నోట్లో పెట్టుకుని ఉంది. ఇన్నేళ్ళుగా ఆ వేలు అక్కడే ఉంది.

గర్భపేటికలు వచ్చాక ఆడవాళ్ళకు మోయడం, కనడం తప్పాయి. పేటికకున్న ఆగుబిళ్ళ నొక్కితే బిడ్డ ఎదుగుదల కోరినన్నాళ్ళు నిలిచిపోతుంది. పదోన్నతి రానీ, ఇల్లు కట్టనీ. పిల్లలు వద్దని ఒక్కరూ అనలేదు పాపం, అందరూ ‘తర్వాత’ అన్నారు. కిందటేడు ఊరు మొత్తానికి పుట్టింది తొమ్మిదిమంది. ఉయ్యాల పాట వచ్చినవాళ్ళు కూడా అంతమందే ఉంటారేమో.

శేషారత్నం కూతురు వకుళ వకీలు. ఆ బిళ్ళ నొక్కింది ఒక కేసు కోసం. ఆడపిల్లని తెలియగానే అత్తింటివారు పేటికకు కరెంటు తీయిస్తున్న రోజులవి. పేటికలో పడ్డ రోజు నుంచే ఆడపిల్ల ఒళ్ళు ఆడపిల్లదేనని, ఆమె మేజరయ్యేదాకా తల్లి మాటే చెల్లుతుందని, ఆ తర్వాత ఆమె తరఫున ఎవరూ నోరెత్తకూడదని వకుళ మూడేళ్ళు బల్ల గుద్ది వాదించి చట్టం చేయించింది. ‘మౌనాన్ని సమ్మతిగా తీసుకోరాదు’ అన్న వాక్యం ఆమె రాసిందే. ఆ కేసు తర్వాత మరో కేసు, దాని తర్వాత ఇంకోటి. తల్లి అడ్డు చెప్పలేదు. వకుళ కడుపున పడ్డప్పుడు టీచరుద్యోగం పోగొట్టుకున్న మనిషి ఆమె. నాలాగా ఆగిపోకే అని నూరిపోసింది తనే.

తొమ్మిది రోజుల కిందట వకుళే అంది, “ఇంక చాలమ్మా. మేదినిని ఇంటికి తెచ్చుకుందాం.”

శేషారత్నం కళ్ళు తుడుచుకుని పంచాంగం తీసింది. “వచ్చే శనివారం దాకా మూఢమేనే. ఇన్నేళ్ళు ఆగాం, ఈ నాలుగు రోజులకేమొచ్చె?”

వకుళకు మూఢాల మీద నమ్మకం లేదు. ఒక్కసారైనా అమ్మ మాట విందామనుకుంది.

ఇప్పుడు, గాజులు తొడగడం అయ్యాక, ఆగిన ఎదుగుదలను మళ్ళీ మొదలుపెట్టే కొనసాగింపు పలక మీద వకుళ బొటనవేలు పెట్టింది. ఎర్రదీపం వెలిగింది. వేలు చీరకు తుడిచి మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎరుపే. పేటికలు చూసుకునే పర్వీన్ వచ్చి తెర చూసింది.

“మేడం, పేటికలో పడ్డ రోజు నుంచి లెక్కేస్తే పాపకు మొన్న శుక్రవారంతో పద్దెనిమిదేళ్ళు నిండాయి. మీ వేలు ఇక చెల్లదు.”

“మరెవరిది చెల్లుద్దమ్మాయ్?” అంది శేషారత్నం.

“పాపదేనండీ.”

“నీకేమన్నా మతిపోయిందా? అది ఏడు నెలల గుడ్డు!”

“చట్టంలో నెలల్లేవు మామ్మగారూ. ఏళ్ళే ఉన్నాయి.”

శేషారత్నం కూతురి చెయ్యి పట్టుకుని గుంజింది. “కోర్టుకు పదవే. నువ్వు గెలవని కేసుందా?”

“ఇది నేను గెలిచిన కేసేనమ్మా,” అంది వకుళ.

పేటిక గొంతు సవరించుకున్నట్టు చిన్నగా మోగింది. “మేదిని గారూ, బయటికి రావడానికి మీరు సమ్మతిస్తున్నారా?” ఎంతో మర్యాదగా మూడుసార్లు అడిగింది. లోపల వేలు కదల్లేదు. ఆగిన బిడ్డ ఎలా కదులుతుంది? ‘సమ్మతి అందలేదు. వచ్చే ఏడాది మళ్ళీ అడుగుతాం’ అని తెర మీద పడింది.

“రెండంటే రెండు రోజులు,” అంటూ శేషారత్నం నేల మీదే కూలబడింది. పంచాంగం తీసిన తన చేతుల్ని తనే చూసుకుంటోంది.

పర్వీన్ నిలబడే ఉంది. చెప్పలేక చెప్పలేక చెప్పింది. “మేడం, ఆ గాజులు తీసేయాలండీ. మేజరైన వాళ్ళకు ఏం తొడగాలన్నా వాళ్ళ సమ్మతి కావాలి.”

అది ఎన్నో సెక్షనో వకుళకు తెలుసు. వంగి ఒక్కొక్కటే తీసింది. ఎర్రవి ఆరు, పచ్చవి ఆరు. తీసి అమ్మ ఒళ్ళో పోసింది.