పెదనాన్న చెప్పిందే కరెక్ట్

"మీ ఆరుగురికీ అర్జెంటుగా కళ్ళద్దాలు కావాలి. మా షాపుకి రండి, డిస్కౌంట్ ఇస్తాను!"

ఆమె నాతో అన్న మొదటి మాట ఇదే.

మా సైకాలజీ ల్యాబులో తెర మీద రెండు గీతలు చూపించి, పొడుగుది ఏదని అడుగుతాం. మేం ఆరుగురం ముందే కూడబలుక్కుని పొట్టిదాన్ని చూపిస్తాం. సంగతి తెలియని ఏడో మనిషి ఏమంటాడో చూడటమే ప్రయోగం. చాలామంది నీళ్ళు నమిలి మాకే వంత పాడతారు. కళ్ళద్దాల షాపులో పనిచేసే ఈ అమ్మాయి మాత్రం పాడలేదు.

అసలు విషయం చెబితే పకపకా నవ్వింది. "కళ్ళెదుట కనిపిస్తుంటే తలెందుకు ఊపుతారండీ?"

"భయం! ఒకప్పుడు గుంపు వెలేస్తే ప్రాణం పోయినట్టే. మనిషి మెదడు పెరిగింది పులులతో పోరాడి కాదు, పక్కవాళ్ళతో వేగడానికే అంటారు," అన్నాను గొప్పగా.

"అయితే మీతో వేగితే నా మెదడు ఇంకాస్త పెరుగుతుందన్నమాట."

అంతే, పడిపోయాను.

ఏడాది తిరిగేసరికి పెళ్ళి మాట కోసం ఆమెను ఇంటికి తీసుకెళ్ళాను. భోజనాల దగ్గర పెదనాన్న, "మనిషిని మనిషిని చేసింది కండబలమేనమ్మా. మిగతావన్నీ కబుర్లు," అన్నాడు. మా ఇంట్లో ఆయన మాటకు తిరుగులేదు.

"కాదేమోనండీ. నలుగురితో కలిసి బతకాల్సి రావడం వల్లే తెలివి పెరిగిందట. మీ అబ్బాయే చెప్పాడు," అని నావైపు తిరిగింది.

అందరూ తినడం ఆపి నన్నే చూశారు.

"నేనెప్పుడన్నాను? పెదనాన్న చెప్పిందే కరెక్ట్."

ఆమె భోజనం ముగించి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నా ఫోను ఎత్తలేదు. ఇంట్లో ఎవరూ ఆమె ఊసెత్తకపోతే, వాళ్ళకు నచ్చలేదు కాబోలనుకున్నాను.

ఎనిమిది నెలల తర్వాత పెదనాన్నే అడిగాడు. "ఆ పిల్లనెందుకు వద్దనుకున్నావురా?"

"నేనా? మీకే కదా నచ్చలేదు!"

"ఎవరన్నారు? నన్ను ముఖం మీదే కాదన్న పిల్ల ఇంటికొస్తే బాగుండుననుకున్నా. అంతమందిలో నువ్వే ఆమెను అబద్ధాలకోరును చేశావు. నీకే ఇష్టం లేదేమోనని ఊరుకున్నాం."

"నేనూ అలాగే అనుకున్నా," అంది వదిన. అమ్మా అదే అంది.

పరుగున షాపుకెళ్ళి అంతా చెప్పాను. ఫ్రేము తుడుస్తూ విన్నది.

"ఆ రోజు వాళ్ళెవరూ నాకక్కర్లేదు. నువ్వొక్కడివి అవునని ఉంటే సరిపోయేది." ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. "వచ్చే నెల నా పెళ్ళి. అతనికీ నాకూ రోజూ వాదనే. కానీ నలుగురిలో నన్ను ఒంటరిని చెయ్యడు."

"నేను చేశాను," అన్నాను.

"చేశావు," అంది.