మాటల్లేని రాతగంట

శనివారం పొద్దున మామగారు అస్లాక్‌కి కాఫీ పోసి, రొట్టె మీద చీజ్ పరిచి ముందు పెట్టి, ఇంగున్ లాప్‌టాప్ తెరిచింది. నార్వేలోని బోడో ఊళ్లో నర్సు ఉద్యోగం చేస్తూనే ఆన్‌లైన్‌లో పీజీ చదువుతోంది ఆమె. శనివారాలు రాతగంట. తెరమీద అందరి మొహాలూ కనబడతాయి, మైకులు మూసి ఉంటాయి, ఎవరి థీసిస్ వాళ్లు రాసుకోవాలి. రాయడం నేర్పే మారిట్ మేడమ్ ఆ గంటసేపూ పెదవి విప్పదు.

మతి తప్పిన పెద్దవాళ్ల చేతుల్లో ఇంటివాళ్లు తినే దెబ్బలు, ఇదీ ఇంగున్ తీసుకున్న విషయం. ఏ అధ్యాయం పంపినా మేడమ్ అడిగేది ఒకటే, "బాగా చెప్పావు, సాక్ష్యం ఏది?" సాక్ష్యం ఆమె చొక్కా చేతుల కింద నల్లగా కమిలి ఉంది. అది రాయకపోతే సోమవారం థీసిస్ తిప్పికొడతారు.

"మా నాన్న గురించి ఒక్క ముక్క రాశావంటే ఊరుకోను!" గుమ్మంలోంచి మొగుడు తోర్ఫిన్ గద్దించాడు. "ఆయన్ని వృద్ధాశ్రమంలో పడేసి డిగ్రీ తెచ్చుకుంటావా?"

"ఆయన కొడుతున్నాడయ్యా! ఎన్నిసార్లు మొత్తుకోవాలి?"

"చీమకి కూడా హాని చెయ్యని మనిషి. నువ్వే విసుక్కుని ఉంటావు."

ఆ మాట పూర్తికాకముందే, పొయ్యి కదిపే ఇనప చువ్వ వెనకనుంచి ఆమె భుజం మీద పడింది.

"దొంగముండా, నా పడవ ఎక్కడ దాచావే?" అస్లాక్ ముసలాయన ఊగిపోతున్నాడు. రెండో దెబ్బకి ఆమె చెవి పక్క చీలి కీబోర్డు మీద రక్తం కారింది. తోర్ఫిన్ అడ్డం వెళ్లాడు. మూడోది అతని మూతి పగలగొట్టింది.

అంతే, తోర్ఫిన్‌కి ఒళ్లు తెలియలేదు. చువ్వ లాక్కుని, తండ్రి గొంతు పట్టి గోడకేసి నొక్కి, దాన్ని ఆయన నెత్తి మీదికి ఎత్తాడు. ఇంగున్ ఆ చేతికి వేలాడింది.

"ఆయనకి తెలీదు! నీకు తెలుసు!"

"ఆ చువ్వ దించండి!" తెరలోంచి మారిట్ అరిచింది. "అంబులెన్స్ పిలిచాను, వస్తోంది!"

చువ్వ ఖంగున నేల మీద పడింది. అస్లాక్ గోడవారగా జారి చిన్నపిల్లాడిలా ఏడవసాగాడు. తోర్ఫిన్ భార్య చొక్కా చెయ్యి పైకి మడిచాడు. పాతవీ కొత్తవీ కమిలిన గుర్తులు.

"ఒక్క దెబ్బకే నాన్నని చంపబోయాను. ఇన్నాళ్లూ నువ్వు..." భోరుమన్నాడు.

కాసేపటికి నోటి రక్తం తుడుచుకుని, మూసి ఉన్న మైకు తనే తెరిచాడు. "మేడమ్, సాక్ష్యం అడిగారటగా. మా ఇల్లే. ఇంగున్, రాయి. నాన్న పేరు వద్దు. మొగుడు నమ్మలేదని మాత్రం తప్పకుండా రాయి."

ఇంగున్ కళ్లు తుడుచుకుంది.

"రాస్తాలే. ముందు మామయ్యని పట్టుకో, వణికిపోతున్నాడు."

తోర్ఫిన్ వెళ్లి తండ్రి పక్కన నేలమీద కూర్చుని ఆయన్ని పొదివి పట్టుకున్నాడు.