మూడు బంగారు పిచ్చుకల డాలు

మధ్యాహ్నం మూడు గంటలు... అయినా చీకటి!

నవంబరు మంచు హెరిఫర్డ్‌షైర్ కొండలన్నిటినీ మింగేసింది. పట్టపగలే గుడ్లగూబ కూసింది. కాలం కాని కాలంలో ఉరుము ఒకటి ఆకాశగర్భంలో పొర్లి పొర్లి ఆగిపోయింది... బేరితోట దాటి వెన్‌కోట్ దొరల ప్రార్థనామందిరం పక్కగా నడిచి వస్తున్న గిడియన్ ట్రాంటర్‌కు కాళ్లకింద నేలలోంచి మంత్రోచ్చారణ వినిపించింది!

వంగి చూశాడు. వెన్‌కోట్ వంశీకుల శవపేటికలుండే నేలమాళిగకు గాలికోసం పెట్టిన ఇనుపచువ్వల కంత అది. లోపల ఒక్కటే కొవ్వొత్తి. ఆ వెలుగులో ఒక కపాలం! దాని ఎదుట మోకరిల్లి గిడియన్ అల్లుడి బాబాయి రాల్ఫ్ దొర... ఎముకల మసితో నూరిన నల్లటి ముద్దలో వేలు ముంచి, ఒక చెక్కమీద పులుముతున్నాడు.

ఆ చెక్కను గిడియన్ గుర్తుపట్టాడు. అది అతని కూతురి గుర్రపుబండి తలుపు. నీలం రంగుమీద మూడు బంగారు పిచ్చుకలు... అతను తన చేత్తో వేసిన పిచ్చుకలు! రెండు అప్పటికే నల్లబడిపోయాయి.

"ఈ చిహ్నం ఎవరిదో వారి ప్రాణం నీది! వారి గర్భం నీది! రాజు పుస్తకంలో ఇది ఎక్కే క్షణాన మూడో పక్షిని కూడా తీసుకో... ఓ కరాళా, తీసుకో!"

కపాలం నోరు తెరిచింది. గిడియన్ వెనక్కి తిరిగి పరుగెత్తాడు.

పరుగెత్తక ఏం చేస్తాడు? లెట్టిస్ అతని ఒక్కగానొక్క కూతురు. తల్లి పోయాక రంగుల గిన్నెల మధ్యనే పెరిగింది. గిడియన్ పని ఆ జిల్లా దొరల డాళ్లకు రంగులు వేయడం. సింహాలూ, డేగలూ, కోటబురుజులూ... ఎవరి వంశానికి ఏ గుర్తో అతనికి కంఠతా వచ్చు. తనకు మాత్రం ఏ గుర్తూ లేదు. మూడేళ్ల కిందట మైల్స్ వెన్‌కోట్ మనసుపడి లెట్టిస్‌ను పెళ్లాడినప్పుడు, బండి తలుపుమీద వేసే జంట డాలులో పెళ్లికూతురి వైపు సగం ఖాళీగా ఉండిపోయింది. దొరసానులు ముసిముసిగా నవ్వారు. ఆ నవ్వు అతని కడుపులో నిప్పులు పోసింది. ఒక్క రాత్రిలో మూడు పిచ్చుకలు పుట్టించి, "మా ముత్తాతకు ఫ్రాన్సు యుద్ధంలో దక్కిన గుర్తు" అని అందరికీ చెప్పాడు. ఎంత నిబ్బరంగా చెప్పాడంటే, కూతురు కూడా కొన్నాళ్లు నమ్మింది.

నెల కిందట మైల్స్ జ్వరంతో పోయాడు. ఆనవాయితీ ప్రకారం ఇంటి గుమ్మంమీద వేలాడదీసే మరణఫలకాన్ని గిడియనే వేశాడు. చనిపోయిన భర్త వైపు డాలు వెనక నలుపు. బతికున్న భార్య వైపు తెలుపు. ఆ తెలుపు వేసేటప్పుడు చల్లగా ఉండు తల్లీ అని మనసులో వెయ్యిసార్లు అనుకున్నాడు.

ఇప్పుడు వెన్‌కోట్ ఇంటి గుమ్మం ముందు నిలబడి తలెత్తాడు. తెలుపు లేదు! జానెడు మిగిలింది, అంతే. ఆ జానెడును కూడా నలుపు అంచులనుంచి నాకుతూ వస్తోంది.

"ఎవ్వరూ ముట్టుకోలేదు బాబూ!" ముసలిదాసి జోన్ పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. "ఒట్టు! రోజుకింత దానంతటదే నల్లబడుతోంది. అది ఎంత నల్లబడితే అమ్మగారు అంత పాడైపోతున్నారు. రెండ్రోజులుగా నోట్లోకి చుక్క పాలు పోలేదు. రండి, తొందరగా రండి!"

మేడమీద గదిలో లెట్టిస్ మంచానికి కట్టేసి ఉంది. ఐదోనెల కడుపు. కళ్లలో నల్లగుడ్డు తప్ప తెల్లదనం లేదు! ఆ లేతగొంతులోంచి వందేళ్ల పురుషస్వరం బొంగురుగా పలికింది.

"వచ్చావా, రంగులోడా! నీ కూతురు నాది! నీ మనవడూ నాకే! హహ్హహ్హ!"

కిటికీ అద్దాలు కంపించాయి. గిడియన్ ఆ చల్లటి పాదాలమీద పడిపోయాడు. "తల్లీ... లెట్టీ... నేనమ్మా, నాన్నను."

ఒక్క క్షణం ఆ నలుపు పొరలోంచి ఆమె తొంగిచూసింది. "నాన్నా... ఆ పిచ్చుకలు నన్ను పట్టుకుని లాగుతున్నాయి... అవి మనవి కావని చెప్పెయ్ నాన్నా. నాకు గుర్తులూ గిర్తులూ ఏమీ వద్దు. నీ కూతుర్ని, అంతే. చెప్పవూ?"

"చెబుతా తల్లీ. ఇప్పుడే చెబుతా."

కింద పెద్దచావడిలో జిల్లా దొరలంతా కూడి ఉన్నారు. రాజుగారి చిహ్నాధికారి లండన్‌నుంచి వచ్చి, ఎవరి డాలు అసలుదో ఎవరిది కల్పితమో విచారించి పుస్తకంలో ఎక్కిస్తున్నాడు. కల్పితమని తేలితే ఆ మనిషి కులీనుడు కాడని సంతబజారులో దండోరా వేయిస్తారు. రాల్ఫ్ దొర అప్పుడే వచ్చి అధికారి పక్కన నిలబడ్డాడు. వేళ్లకు ఇంకా మసి ఉంది. అన్నకొడుకు మైల్స్ పోయాడు, ఇక ఆ కడుపులో బిడ్డ కూడా లేకపోతే ఎస్టేటంతా అతనిదే.

"ఇదిగో, మావాడి మామగారు కూడా వచ్చారు," అన్నాడు రాల్ఫ్ తీయగా. "రండి మామగారూ. మా కోడలి డాలు ఎక్కించే వేళయింది."

అధికారి కలం సిరాలో ముంచాడు. "గిడియన్ ట్రాంటర్! నీలంమీద మూడు బంగారు పిచ్చుకలు. ఈ చిహ్నం మీ వంశానిదేనా?"

కాదు అన్న ఒక్కమాట. పెదవి దాకా వచ్చింది కూడా!

సరిగ్గా అప్పుడే వెనక వరసలోంచి ఒక దొరసాని, "తలుపులకు రంగులేసేవాడికి వంశమేమిటమ్మా! ముత్తాత సున్నం కొట్టి ఉంటాడు," అంది. చావడి గొల్లుమంది.

మూడేళ్ల పాత నిప్పు భగ్గుమంది... "మాదే!" అన్నాడు గిడియన్. "ముమ్మాటికీ మాదే!"

అన్నాక తెలిసింది ఏమన్నాడో. మేడమీద కేక! ఇల్లంతా చీల్చుకుంటూ వచ్చిన కేక! రాల్ఫ్ కళ్లు మెరిశాయి. కలం కాగితాన్ని తాకింది...

"కాదు! ఆపండి! కాదు!" గిడియన్ బల్లమీద పడి పుస్తకాన్ని రెండుచేతులా కప్పేశాడు. "అబద్ధం! నేనే కల్పించాను! మా తాత సున్నమే కొట్టాడు, మా నాన్న కూడా సున్నమే కొట్టాడు! మాకు వంశమూ లేదు, డాలూ లేదు! నా కూతురికి ఏ చిహ్నమూ లేదు! దండోరా వేయించండి... ఊరంతా వేయించండి!"

అధికారి లేచి నిలబడి గట్టిగా పలికాడు. "ఈ చిహ్నం ఎవ్వరిదీ కాదు!"

పిడుగు! ప్రార్థనామందిరం కప్పు బద్దలైంది. నేలమాళిగలోంచి కపాలం వికటాట్టహాసం చావడి దాకా వినిపించింది. వాగ్దానం చేసిన ప్రాణం పూర్తిగా చిక్కలేదు... ఇస్తానన్నవాడు దొరికాడు! రాల్ఫ్ వేలిమసి అరచేతికి పాకింది. మోచేతికి, మెడకు, ముఖానికి పాకింది. "వద్దు! నేను కాదు! ఆమెను తీసుకో!" అని అరుస్తూ అతను నిలువునా నల్లబడి, ఎండినకట్టెలా విరిగి, దొరసానుల కాళ్లముందు గుప్పెడు మసిగా రాలిపోయాడు. ముత్తాత ముత్తాతలనుంచి వచ్చిన అసలుసిసలు డాలు అతని ఉంగరంమీద ఉంది. అది కూడా కాపాడలేదు.

గిడియన్ అదేమీ చూడలేదు. మెట్లమీద ఉన్నాడు.

లెట్టిస్ కళ్లు తేటబడ్డాయి. కట్లు విప్పి జోన్ ఆమె తలను ఒళ్లో పెట్టుకుంది. కాని దుప్పటి ఎర్రగా తడిసిపోతోంది... ఆ కేక పెట్టిన క్షణానే బిడ్డ పోయింది. తల్లి కూడా పోతోందని జోన్ ముఖం చెప్పింది. గిడియన్ మాదే అన్నదానికీ కాదు అన్నదానికీ మధ్య రెండు మూడు ఊపిరుల ఎడం. నలుపుకు అదే చాలింది.

"చెప్పేశావా నాన్నా?" ఆమెదే గొంతు. చిన్నప్పటి గొంతు.

"చెప్పానమ్మా. అందరిముందూ చెప్పాను."

"నవ్వారా?"

"నవ్వనీ తల్లీ."

ఆమె అతని వేలు పట్టుకుంది. "నాకు తెలుసు... అడగ్గానే చెప్పేసి ఉంటావు. కదూ నాన్నా?"

జోన్ తల పక్కకు తిప్పుకుంది.

"అడగ్గానే చెప్పేశాను తల్లీ," అన్నాడు.

లెట్టిస్ నవ్వి కళ్లు మూసుకుంది. ఆ తరవాత గిడియన్ పదకొండేళ్లు బతికాడు. సున్నంవాడి మనవణ్నని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పుకున్నాడు. ఈ ఒక్క అబద్ధాన్ని మాత్రం ఎవరిముందూ ఒప్పుకోలేదు.