ఉమాబాయి పచ్చ హకీక్

ఉమాబాయి శవానికి స్నానం సగంలో ఆగిపోయింది.

నాందేడ్‌లోని ఆమె ఇంటి వాకిట్లో ఇన్‌స్పెక్టర్ సాయలి నిలబడింది. కొడుకు సాయిరాం ఫిర్యాదు సూటిగా ఉంది. తల్లి వేలికున్న ఉంగరంలో పచ్చ హకీక్ రాయి నకిలీది. మార్చింది ద్రౌపది. ముసలామెను చూసుకోవడానికి మంగళవారం పనిలో చేరిన మనిషి. ఇవాళ శుక్రవారం.

నీళ్లు పోస్తూ రాయి తేడా గమనించి నకిలీని పట్టింది కూతురు మయూరి. పొద్దునే నాయ్‌గావ్ నుంచి వచ్చింది. ఉంగరం తన తర్వాత కూతురికేనని తల్లి అందరికీ చెప్పి ఉంచింది.

ద్రౌపది గోడకానుకుని నిలబడింది. దొంగ అన్న పేరు పడితే ఇక ఏ ఇంట్లోనూ ఆమెను రోగి మంచం దగ్గరికి రానివ్వరు.

సాయలి ఉంగరం తీసి చూసింది. హకీక్‌లో ఎరుపు, నలుపు, తెలుపు, చారలది, అన్నీ దొరుకుతాయి. మంచి పచ్చ అరుదు. అందుకే తెల్లరాయికి రంగు తాగించి అంటగడతారు. నెయిల్ పాలిష్ రిమూవర్ అద్దిన దూదితో రుద్దింది. దూది పచ్చబడింది.

గ్రహం కోసం పెట్టుకునే ఉంగరం. రాయి చర్మానికి తగలాలని అడుగు తెరిచి ఉంచారు.

శవం చెయ్యి ఎత్తింది. ఉంగరం తీసిన చిటికెన వేలి మీద పచ్చ మరక. పక్క వేలి మీదా అలాంటిదే.

"చిటికెన వేలికెందుకు పెట్టిన్రు?"

"చెయ్యి వాచింది మేడం," అన్నాడు కొడుకు. "పక్క వేలికెళ్లి నేనే తీసి తొడిగిన."

"ఎప్పుడు?"

"సోమవారం."

"అప్పటికి ద్రౌపది అచ్చిందా?"

"లేదు. తెల్లారి అచ్చింది."

దొంగే దొంగ దొంగ అని అరిచినట్టుంది.

"రెండు వేళ్లకూ రంగంటింది. అంటే సోమవారానికి ముందే నకిలీది పెట్టిన్రు. అప్పుడు ఈ ఇంట్ల నువ్వూ అమ్మా తప్ప ఎవలున్నరు?"

సాయిరాం చెయ్యి నడుము తడిమింది. సాయలి చూపించమంది. అసలు ఉంగరం అతని మొలతాడుకు కట్టి ఉంది. ఆ రాయి ఒంటి మీదుంటే కొత్త దుకాణం నిలబడుతుందని నమ్మాడట. అడిగితే తల్లి ఇవ్వలేదట. ఆమె మందుల మగతలో ఉన్నప్పుడు లాగేసి, చేయించి తెచ్చిన నకిలీది తొడిగాడు. మయూరి పట్టేసరికి ద్రౌపది మీదికి నెట్టాడు. ఛీ, ఇంతకన్నా నీచం ఉంటుందా?

సాయలి ద్రౌపదిని భయపడొద్దంది. ద్రౌపది కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నిప్పు పెట్టినంక తీస్కపోండ్రి మేడం," అన్నాడు సాయిరాం, వాకిట్లోని నిప్పు కుండ అందుకుంటూ. "కొడుకును నేనే గద."

మయూరి వచ్చి అతని చేతిలోని నిప్పు కుండ తీసుకుంది.

"అమ్మను ముట్టకు. నిప్పు నేను పెడ్త."

చుట్టూ ఉన్న పెద్దమనుషుల్లో ఒక్కరూ అడ్డు చెప్పలేదు.