తొమ్మిది వేల అడుగులు

పొద్దున్న ఎనిమిదింటికి వెంకట్రాజం కింద కొట్టు షట్టరు ఎత్తి, దేవుడి పటం ముందు అగరొత్తులు వెలిగించి, టిఫిన్ కోసం పైకి వస్తున్నాడు. వంటింట్లో ఉప్మా కలుపుతున్న కమల చెవులు మాత్రం మెట్ల మీదే ఉన్నాయి. ఉన్నవి పద్నాలుగు మెట్లు. ఏడో మెట్టు దగ్గర చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలై పదకొండో మెట్టు దగ్గర ఇంకోసారి ఆగింది. గరిటె పక్కన పడేసి ఆమె తలుపు దగ్గరకు వెళ్లేసరికి ఆయన గోడకు చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. ఆమెను చూడగానే చెయ్యి తీసేశాడు.

"సున్నం రాలుతాందే కమలా. ఈ గోడకు ఒక చెయ్యి కొట్టియ్యాలె" అన్నాడు.

"సున్నం సంగతి తర్వాత. మీకు దమ్మొస్తాంది."

"దమ్ము లేదు గిమ్ము లేదు. ఆకలైతాంది, ఉప్మా పెట్టు."

మట్టెవాడలో వాళ్లది మూడంతస్తుల పాత ఇల్లు. కింద జాకెట్టు ముక్కలు, లైనింగు, ఫాల్స్ అమ్మే మ్యాచింగ్ సెంటర్. నడుమ వంటిల్లు, హాలు, భార్యాభర్తల గది. పై అంతస్తులో కొడుకు భానుచందర్, కోడలు నవ్య ఉంటారు. భాను హైదరాబాద్ కంపెనీకి ఇంట్లోనే కూర్చుని పని చేస్తాడు. నవ్య హన్మకొండలో ఒక బళ్లో టీచరు. అందరూ ఒక్క కప్పు కిందే ఉన్నారు. అయినా తండ్రి ఎట్లా ఉన్నాడో తెలుసుకోవడానికి భాను మెట్లు దిగడు, ఫోన్ చూస్తాడు.

రెండేళ్ల కిందట వెంకట్రాజానికి గుండెలో స్టెంటు వేశారు. రోజూ నడవమని డాక్టరు చెప్పాడు. అప్పుడు భాను స్మార్ట్ వాచ్ కొనుక్కొచ్చి తండ్రి ఎడమ చేతికి కట్టాడు. ఆయన నడిచిన అడుగులన్నీ భాను ఫోన్‌లో కనిపిస్తాయి. ఆ రోజు నుంచీ ఈ ఇంట్లో కమల మాటకు విలువ పోయింది.

"బాపూ, నీ వాచ్ పాతదైంది" అన్నాడు భాను, ఉప్మా ప్లేటు పక్కన ఫోన్ పెట్టుకుని. "మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోతాంది. పట్టీ కూడ పగిలింది. కొత్త మోడల్ తీస్కుందాం."

"కొత్తది మస్తుంది మామయ్యా. ఈసీజీ కూడ తీస్తదట. కింద పడితే మాకు ఫోన్ వస్తదట" అంది నవ్య, టిఫిన్ బాక్సు సర్దుకుంటూ.

"నాకొద్దు. ఇదే మంచిగుంది" అన్నాడు వెంకట్రాజం. అన్న తీరులో ఏదో తొందర ఉంది. ఖర్చు ఎందుకని అంటున్నాడనుకుని భాను నవ్వుకున్నాడు.

కమల నవ్వలేదు. "వాచ్ ముచ్చట పక్కకు పెట్టు బిడ్డా. ముందు దవాఖానకు తీస్కపో. వారం సంది తల కింద రెండు మెత్తలు ఎత్తు పెట్టుకొని పంటాండు. పాదాలు ఉబ్బినయ్. పద్నాలుగు మెట్లెక్కనీకి రెండుసార్లు ఆగిండు ఇప్పుడు."

"అమ్మా, ఇగో చూడు" అని భాను ఫోన్ తిప్పి చూపించాడు. "నిన్న తొమ్మిది వేల నాలుగు వందల అడుగులు. మొన్న పది వేలు. దమ్మొచ్చే మనిషి గంత నడుస్తడా?"

"ఆయన నడుస్తలేడురా! పొద్దున కొట్ల కూసుంటే అన్నానికి లేస్తాండు. ఎక్కడ నడిచిండు? నువ్వు చూసినవా?"

"నేనెందుకు చూడాలె? వాచ్ చూస్తాంది కదా."

ఈ మాట కమల రెండేళ్లుగా వింటోంది. ఆయన నడవడం లేదని చెబితే ఫోన్ చూపిస్తాడు. చెప్పులు అరగడం లేదని చెబితే ఫోన్ చూపిస్తాడు. ఆదివారం కొట్టు మూస్తే అడుగులు నాలుగు వందలకు పడిపోతాయి కదా, అదేంటని ఒకసారి అడిగింది. రెస్ట్ తీసుకుంటున్నాడన్నాడు. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ మనిషి ఊపిరి వింటూ పక్కన పడుకున్న ఆడదాని మాట అబద్ధం, ముంజేతికి కట్టిన రబ్బరు బిళ్ల మాట నిజం. ఇదెక్కడి న్యాయం?

"వచ్చే గురువారం ఆఫర్ ఉన్నదమ్మా. కొత్తది ఆర్డర్ పెడ్త. ఈసీజీ ఇంట్లనే తీస్కుందాం. అందుల తేడా వస్తే దవాఖానకు పోదాం. జర ఫికర్ చెయ్యకు."

"గురువారం దాక ఆగాల్నా? గుండెకు కూడ ఆఫర్ ఉంటదారా?"

"అమ్మా, మీటింగున్నది నాకు" అంటూ భాను పైకి వెళ్లిపోయాడు. నవ్య బడికి వెళ్లింది. వెంకట్రాజం రెండు ముద్దలు తిని, మిగతాది ప్లేటులోనే వదిలేసి కిందకు దిగాడు. దిగేటప్పుడు కూడా గోడ పట్టుకునే దిగాడు.

పదకొండు గంటలకు కమల టీ గ్లాసు పట్టుకుని కొట్లోకి వెళ్లింది. ఏటూరునాగారం నుంచి వచ్చిన కట్టమ్మ, ఆమె చెల్లెళ్లు పెళ్లి చీరల మూట విప్పుకుని కూర్చున్నారు. ప్రతి చీరకూ జాకెట్టు ముక్క, లైనింగు కావాలి. వెంకట్రాజం గద్దె మీద మఠం వేసుకుని కూర్చుని, ఇనుప మీటరు కడ్డీ వెంట బట్ట లాగి కొలుస్తున్నాడు. ఎడమ చెయ్యి ముందుకు, వెనక్కి. మళ్లీ ముందుకు, వెనక్కి. రంగు నచ్చకపోతే విప్పిన బట్టను మళ్లీ చుట్టడం, ఇంకోటి విప్పడం. బట్ట చింపి, మడిచి, వాళ్ల ముందు వేసి, మళ్లీ కొలత.

గ్లాసు అందించబోయిన కమల ఆయన చేతి వంక చూసి ఆగిపోయింది. వాచ్ గుర్రుమని కదిలింది. అద్దం మీద రంగురంగుల మెరుపులు వచ్చాయి. ఆ మెరుపులు ఆమెకు తెలుసు. ఆ రోజు నడక పూర్తయిందని అర్థం. అది కూడా భానే మురిపెంగా చూపించాడు. మనిషి గద్దె మీద నుంచి కాలు కూడా కదపలేదు. ఆయన చప్పున చొక్కా చెయ్యి లాగి వాచ్ కప్పేసుకున్నాడు.

కమలకు ఒళ్లంతా మండిపోయింది. టీ గ్లాసు ఠంగున బల్ల మీద పెట్టి, రెండంతస్తులూ ఒక్క ఊపున ఎక్కి, కొడుకు గది తలుపు తోసింది. భాను చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఎవరితోనో ఇంగ్లిష్‌లో మాట్లాడుతున్నాడు.

"లే."

"అమ్మా, మీటింగ్‌ల ఉన్న."

"లే అన్న. నీ బాపు నడుస్తాండు, చూద్దువు రా."

ఆమె ముఖం చూసి భాను మారుమాట్లాడకుండా లేచాడు. చిన్నప్పుడు బళ్లో వదిలినట్టు మణికట్టు పట్టుకుని కిందకు లాక్కెళ్లింది. కొట్లో అందరి ముందూ భర్త చొక్కా చెయ్యి పైకి లాగింది.

"కొలువుండ్రి" అంది ఆయనతో.

"ఏందే ఇది, గిరాకీ ముంగట?" వెంకట్రాజం కసిరాడు.

"గిరాకీ ముంగటనే. కొలువుండ్రి!"

ఆయన కదల్లేదు. కమలే ఆయన చెయ్యి పట్టుకుని కడ్డీ వెంట ముందుకు, వెనక్కి ఆడించింది. పదిసార్లు, ఇరవైసార్లు. "చూడు. నీ వాచ్ ఏమంటాందో చూడు" అంది కొడుకుతో. అద్దం మీద అంకె కదులుతోంది. భాను ఫోన్ తీసి చూశాడు. అందులోనూ కదులుతోంది. పెళ్లిళ్ల కాలంలో పన్నెండు వేలు, మూఢంలో ఐదు వేలు, ఆదివారం నాలుగు వందలు. రెండేళ్ల అంకెలన్నీ ఒక్కసారిగా అర్థమై అతని ముఖం ఎర్రబడింది.

"బాపూ! నీకు తెల్సా ఇది?"

వెంకట్రాజం తల దించుకున్నాడు. "తెల్సు. కట్టిన వారానికే తెల్సింది."

"తెలిసి రెండేండ్లు నన్ను మోసం చేసినవా? నేను పిచ్చోన్ని లెక్క రోజూ చూసుకొని ఖుషీ అవుతాన! ఆఫీసుల అందరికి చెప్పిన, మా బాపు రోజుకు తొమ్మిది వేలు నడుస్తడని!"

"ఆయన మీద ఎందుకు లేస్తానవ్?" కమల గొంతు బజారుదాకా వినిపించింది. "ఆయన నీకు ఎన్నడన్న నడిచిన అని చెప్పిండా? నువ్వు అడిగినవా? ఒక్కనాడన్న కిందికొచ్చి, బాపూ పానం ఎట్లున్నదని అడిగినవా? నేను చెప్పిన. రెండేండ్ల సంది చెప్తాన. నా నోట్లె నుంచి వస్తే అది ముసల్దాని సణుగుడు. అదే మాట వాచ్ చెప్తే పరుగెత్తుకుంట వస్తుంటివి. పాత వాచ్ మాట నమ్మి మనిషిని ఇంతదాక తెచ్చినవ్. ఇప్పుడు దాని మీదికి ఇంకో వాచా? నన్ను ఏం చేద్దామని? పక్కకు పారేస్తవా?"

పెళ్లివారు చేతిలో ముక్కలు పట్టుకుని అట్లాగే చూస్తున్నారు. వెంకట్రాజం మెల్లగా మాట్లాడాడు.

"ముందుగాల నేను నడవలేదని కాదురా. స్టెంటు ఏసినంక ఇరవై దినాలు పొద్దుగాల్నే కోట దిక్కు నడిచిన. ఒకనాడు దారిల ఛాతిని ఎవరో గట్టిగ పట్టినట్టయింది. చెమటలొచ్చినయ్. ఒక దుకాణం మెట్టు మీద కూలవడ్డ. ఎవరో నీళ్లు తాపిండ్రు. అప్పటి సంది నాకు భయం. నడుద్దామంటే కాళ్లు రావు. గీ వాచేమో కొట్ల కూసున్నా అడుగులు చూపిస్తాంది. నువ్వు సంబురపడతానవ్. ఎట్ల చెప్పాలె నేను?"

"మరి కొత్తది వద్దన్నది అందుకేనా?" భాను గొంతు తగ్గిపోయింది.

"అది అసలు గుట్టు బయట పెడ్తదనుకున్న. మళ్ల కోస్తరనుకున్న." అరవై నాలుగేళ్ల మనిషి కళ్లు తుడుచుకున్నాడు.

కమలకు కోపం ఎక్కడికక్కడ ఆగిపోయింది. నడవడం లేదని మాత్రమే ఆమెకు తెలుసు. ఎందుకు నడవడం లేదో తనకు కూడా తెలియదు. రెండేళ్లు ఈ భయాన్ని పొట్టలో పెట్టుకుని, తన పక్కనే పడుకున్నాడు. ఆమె నడుముకు చెక్కిన కొంగు తీసి ఆయన ముఖం ఒత్తింది.

కట్టమ్మ ముక్కలన్నీ మూటలో వేసి పక్కకు జరిపింది. "మా బట్ట ఎటు పోదు పెద్దయ్యా. రేపొచ్చి తీస్కుంటం. నువ్వైతే దవాఖానకు పో. నేనొచ్చిన కాన్నుంచి చూస్తాన, నీకు మాట మాటకు ఎగపోస్తాంది" అంది.

అరగంట కూర్చున్న పరాయి మనిషికి కనిపించింది. భాను షట్టరు దించి ఆటో పిలిచాడు.

హన్మకొండ దవాఖానలో నర్సు వెంకట్రాజాన్ని లోపలికి తీసుకెళ్లి ఈసీజీ తీస్తుండగా, ఆయన చేతి వాచ్ విప్పి కమలకు ఇచ్చింది. బయట బల్ల మీద కూర్చున్న ఆమె చేతిలో అది మళ్లీ గుర్రుమంది. చాలాసేపటి నుంచి కూర్చునే ఉన్నారు, లేచి నడవండి అని చెబుతోందట. "ఇప్పుడు తెలిసిందా నీకు?" అని దాన్ని సంచి అడుగుకు తోసేసింది.

"అమ్మా, తప్పయింది" అన్నాడు భాను, పక్కన కూర్చుంటూ.

తప్పయిందనడానికి ఎంతసేపు పడుతుంది? ఫోన్ తీసి చూపించినంత సేపే.

"కొత్త వాచ్ లిస్టుల నుంచి తీసేసిన."

"నువ్వు కొంటే నాకేంది, కొనకపోతే నాకేంది? వాచ్‌తోని నాకు పగ లేదు. మనిషి చెప్తుంటె దాన్ని చూసుడే నాకు పగ. కొంటవో కొనవో, రేపటి సంది పొద్దుగాల్నే లేచి ఆయనతోని పో. డాక్టర్ ఎంత నడువుమంటె అంత. నీ రెండు కండ్లతోని చూడు."

"పోత అమ్మా."

లోపలికి పిలిచారు. డాక్టరు ముందు ఒకే కుర్చీ ఉంది. రెండేళ్లుగా ఏ చెకప్‌కు వచ్చినా ఆ కుర్చీలో భానే కూర్చునేవాడు. ఫోన్ చూపించి, అడుగులు చెప్పి, అంతా బాగుందనిపించుకుని పోయేవాడు. కమల వెనక గోడ దగ్గర సంచి పట్టుకుని నిలబడేది. ఈసారీ అలవాటు కొద్దీ అటే నడిచింది.

"ఈసీజీలో తేడా ఉంది. కంగారు పడకండి, సమయానికే తీసుకొచ్చారు. ఇవాళ అడ్మిట్ చేసుకుని, రేపు యాంజియోగ్రామ్ చేద్దాం" అన్నాడు డాక్టరు. "ఎప్పటి నుంచి ఇట్లా ఉంది? రోజూ ఎంత నడుస్తున్నారు? నిద్ర ఎట్లా పడుతోంది?"

భాను చెయ్యి జేబులోకి వెళ్లింది. ఖాళీగానే బయటకు వచ్చింది. అతను లేచి, గోడ దగ్గర నిలబడ్డ తల్లి భుజాలు పట్టుకుని తీసుకొచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టాడు.

"నాకేం తెల్వదు సార్. మా అమ్మకు తెల్సు. ఆమెను అడగండి."

"చెప్పండమ్మా" అని డాక్టరు కలం పట్టుకుని ఆమె వంక తిరిగాడు.

రెండేళ్లు అడగకుండానే చెప్పింది కమల. వంటింట్లోంచి చెప్పింది, మెట్ల మీది నుంచి చెప్పింది, అరిచి చెప్పింది, ఏడ్చి చెప్పింది. ఇప్పుడు అడిగి, రాసుకోవడానికి ఒక మనిషి కూర్చుంటే ఒక్క మాట రాలేదు. కళ్లలోంచి నీళ్లు జలజలా రాలాయి. తుడుచుకుంటే మళ్లీ వచ్చాయి. డాక్టరు తొందరపెట్టలేదు. భాను వెనక నిలబడి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"చెప్పమ్మా. వింటాన" అన్నాడు.

కమల ముక్కు చీది, కుర్చీలో నిటారుగా కూర్చుని మొదటి రోజు నుంచి చెప్పడం మొదలుపెట్టింది.